ముందు బడిలో కూర్చోబెట్టు

అమ్మాయ్,

మీ ఆయన నాకు మేనల్లుడు. ఆ చనువుతోనే చెబుతున్నాను, నొచ్చుకోకు. నాలుగో తరగతిలో ఉండాల్సిన గుంటడు మీరు టాటా, అదే జంషెడ్‌పూర్, వచ్చినప్పటి నుంచీ ఇంట్లోనే ఉంటున్నాడని తెలిసింది. ఎందుకు చేర్పించలేదంటే నాలుగు కారణాలు చెప్పావట. ఊరి బడి నుంచి టీసీ రాలేదు. ఆధార్‌లో ఇంకా పలాస చిరునామాయే ఉంది. ఇక్కడి బళ్ళు ఏప్రిల్లోనే మొదలైపోయాయి. వాడికి హిందీ ముక్క రాదు. నాలుగూ నిజమే, కాదనను. కానీ వాటిలో ఏ ఒక్కటీ వాణ్ణి ఇంకో రోజు ఇంట్లో ఉంచడానికి చాలదు. ముందు బడిలో కూర్చోబెట్టు, కాగితాల సంగతి తరవాత చూసుకోవచ్చు. ఇది బడిపంతులమ్మగా బతికిన ముసలిదాని మొండితనం అనుకునేవు, చట్టంలో ఉన్న మాటే ఇది.

విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ప్రతి పిల్లకీ పిల్లాడికీ అది వర్తిస్తుంది. ఆ పిల్ల ఏ రాష్ట్రంలో పుట్టిందన్న పేచీ అందులో లేదు. అయిదో సెక్షన్ ఏమంటుందంటే, ఒక బడి నుంచి ఇంకో బడికి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారే హక్కు పిల్లలకు ఉంది, పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. పద్నాలుగో సెక్షన్ ప్రకారం వయసు కాగితం లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు. పదిహేనో సెక్షన్ ప్రకారం బడి తెరిచి నెలలు గడిచినా చేర్చుకోవాల్సిందే. ఇక తొమ్మిదో సెక్షన్‌లో వలస వచ్చిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే పూచీ స్థానిక ప్రభుత్వానిదని విడిగా ఒక మాట రాసి పెట్టారు. ఆ మాట నీ కొడుకు గురించే. ఆధార్ సంగతి కూడా 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదంది.

ఇదంతా నువ్వు బట్టీ పట్టనక్కర్లేదు. హెడ్మాస్టరు గది తలుపు దగ్గరే నిలబడకుండా లోపలికి వెళ్ళి, "బచ్చే కా నామ్ లిఖ్‌వానా హై" అను చాలు, పిల్లాడి పేరు రాయించాలని అర్థం. టీసీ ఏదంటే, తెప్పిస్తున్నాం, ఈలోగా పేరు రాయండి అను. కాదంటే గొడవ పడకు. ఆ మాటే తెల్లకాగితం మీద రాసి ఇమ్మని అడుగు. నేను పనిచేసిన ఏళ్ళలో చూసిందేమిటంటే, నోటితో కాదనే వాళ్ళలో చాలామంది కాగితం మీద కాదని రాయలేరు. అప్పటికీ కదలకపోతే ఆ చుట్టుపక్కల బళ్ళను చూసుకునే సీఆర్పీ ఉంటాడు, ఆపైన బ్లాకులో విద్యా ప్రసార అధికారి, ఆపైన జిల్లా విద్యా సూపరింటెండెంటు. పిల్లల సాయం కోసం 1098 నంబరూ ఉంది. చేర్చుకోవడానికి ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకు. మీ ఇంట్లో డబ్బు చెట్లకు కాయడం లేదన్నది ఒకటి. ఒకసారి ఇస్తే నీ వెనక వచ్చే వాళ్ళందరూ ఇవ్వాల్సి వస్తుందన్నది రెండోది.

ఏ ఆఫీసు అన్నది ఈ ఊళ్ళో కొంచెం చిక్కు. మన వైపు అయితే మండలంలో ఎంఈఓ దగ్గరే అన్నీ తేలతాయి. ఇక్కడ జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ ఒకటి, సువర్ణరేఖ దాటితే మానగో నగర నిగమ్ ఇంకొకటి, స్టేషను వైపు జుగ్‌సలాయి నగర పరిషత్ మరొకటి. ఖర్కాయి వంతెన దాటి ఆదిత్యపూర్ వెళ్ళావంటే జిల్లాయే మారిపోతుంది. అది సరాయికేలా-ఖర్సావాఁ జిల్లా, ఈవల ఉన్నది తూర్పు సింగ్‌భూమ్. మీ ఆయనకు పని ఇచ్చే ఠీకేదారు, అదే కాంట్రాక్టరు, రేపు గమ్హరియాలో పని అని అక్కడ గది ఇప్పించాడనుకో, సాక్చీ చుట్టూ తిరిగితే ఏమీ కాదు, ఆ జిల్లా వాళ్ళనే అడగాలి. అందుకని ఇల్లు చూసుకునేటప్పుడే అద్దె ఎంత, నీళ్ళు వస్తాయా అని అడిగినట్టు, దగ్గరలో సర్కారీ బడి ఏదో కూడా అడుగు. పిల్లాడు లారీల రోడ్డు దాటకుండా నడిచి వెళ్ళగలిగే బడి అయితే మేలు.

మనం ఈ ఊరికి కొత్తవాళ్ళం కాదు, ఆ ధైర్యం పెట్టుకో. 1907లో కంపెనీ పుట్టి, సాక్చీ పల్లె దగ్గర కొలిమి లేచి, 1912లో మొదటి ఉక్కు పోశారు. 1919లో ఊరికి జంషెడ్జీ పేరు పెట్టారు, కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. ఆ తరవాతి దశాబ్దాల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎందరో ఇక్కడికి వచ్చి కొలిమి దగ్గరా రైల్లోనూ పనిచేశారు. మా నాన్న వచ్చింది అలాగే. అప్పట్లో పర్మనెంటు ఉద్యోగం అంటే క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి అన్నీ కలిపి వచ్చేవి. చదువు కోసం మా అమ్మ ఎవరి గడపా ఎక్కాల్సిన అవసరం రాలేదు. మీ కాలం వేరు. మీ ఆయన షట్‌డౌన్ పనులకు వచ్చే ఠీకా మనిషి, గేటు పాసు ఉన్నన్నాళ్ళే కంపెనీ వాడు, ఇల్లు బస్తీలో అద్దెకి. క్వార్టరుతో పాటు మాకు వచ్చినవన్నీ నువ్వు ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకోవాలి. ఇచ్చేది ఉంది. కానీ అది ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంది, నీ పేరు దానికి తెలియదు.

ఈ విషయంలో అమెరికా వాళ్ళ పద్ధతి ఒకటి విన్నప్పుడు నాకు ముచ్చటేసింది. అక్కడ టమాటాలూ స్ట్రాబెర్రీలూ కోస్తూ ఊరి నుంచి ఊరికి తిరిగే కూలీల పిల్లల కోసం 1966లో చట్టంలోనే వేరుగా డబ్బు కేటాయించారు. గడిచిన మూడేళ్ళలో ఆ పని కోసం ఊరు మారిన కుటుంబమైతే చాలు, ఇరవై ఒకటో ఏడు వరకు ఆ పిల్లలకు ట్యూషను, వేసవి తరగతులు, ఒక బడి మార్కులు ఇంకో బడికి చేర్చే ఏర్పాటు ఉంటాయి. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఆ పిల్లలను వెతకడానికే జీతం ఇచ్చి మనుషులను పెట్టుకుంటారు. వాళ్ళు పొలాల గట్ల మీదికీ కూలీల గుడిసెల దగ్గరికీ వెళ్ళి పిల్లలున్నారా అని అడుగుతారు. అంత దూరం కాకపోయినా, మన హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీల దగ్గర కూడా ఇలాంటి పని జరిగింది. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా నుంచి వచ్చే కూలీల పిల్లలకు బట్టీల దగ్గరే బడి పెట్టి, ఒడియా పుస్తకాలు తెప్పించి, ఒడియా చెప్పే మాస్టర్లను పిలిపించారు. మన గడ్డ మీద వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలో అక్షరాలు దిద్దించారు. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానంటే, వలస వచ్చిన పిల్లను వెతికి పట్టుకోవడం బడి వాళ్ళ పనే అని నీకు తెలియాలి. నువ్వు అడిగితే ఎవరినో దయ చూపమని అడిగినట్టు కాదు.

ఝార్ఖండ్‌లోనూ వెతకడం లేకపోలేదు. ఇక్కడ దాని పేరు శిశు పంజీ. మాస్టర్లు ఇల్లిల్లూ తిరిగి ఏ ఇంట్లో ఎంత వయసు పిల్లలున్నారు, ఎవరు బడికి వెళ్తున్నారు, ఎవరు మానేశారు అని రాసుకుంటారు. వచ్చే ఏడు ఎన్ని పుస్తకాలు కావాలో, మానేసిన వాళ్ళకు ఏం చేయాలో ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. అయితే ఆ మనిషి వచ్చేది పగటిపూట. తలుపు తట్టేది హిందీలో. మన ఆడవాళ్ళు కొత్త మగమనిషి గొంతు వినగానే "ఇంట్లో ఎవరూ లేరు" అనేస్తారు. నేనూ ఆ లెక్క కోసం తిరిగిన దాన్నే, అలాంటి గడపలు చాలా చూశాను. నువ్వు అలా చేయకు. కుర్చీ వేసి కూర్చోబెట్టి ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లల పేర్లూ రాయించు, ఒళ్ళో ఉన్న చిన్నదానితో సహా. పొద్దున్నే పిల్లలు విజిళ్ళు ఊదుకుంటూ సందుల్లో తిరగడం చూసే ఉంటావు. ఆట అనుకున్నావేమో. తోటి పిల్లలను నిద్రలేపి బడికి తోడు తీసుకుపోవడానికి పెట్టిన 'సీటీ బజావో' అది. మీ వాణ్ణి ఆ గుంపులో కలిపెయ్యి. నువ్వు లాక్కెళ్ళేదానికన్నా వాళ్ళతో వేగంగా వెళ్తాడు.

చేరాక ఏం వస్తుందో చెబుతాను. ఎనిమిదో తరగతి దాకా ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం, యూనిఫాం ఇస్తారు, మధ్యాహ్నం అన్నం పెడతారు. వాటికి సిగ్గుపడకు, అవి వాడి వాటా. మధ్యలో చదువు తెగి వెనకబడిన పిల్లలకు వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి విడిగా చెప్పాలని చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. ఆ ప్రత్యేక శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరాన్ని బట్టి రెండేళ్ళ దాకా సాగొచ్చు. అంటే మీ వాడికి హిందీ రాదని ఒకటో తరగతి పసిపిల్లల మధ్య కూర్చోబెడతామంటే ఒప్పుకోకు. తొమ్మిదేళ్ళ వాడు ఆరేళ్ళ వాళ్ళ పక్కన సిగ్గుతో చచ్చిపోతాడు, నెల తిరక్కుండా మానేస్తాడు. నాలుగులోనే వెయ్యమని, హిందీ మాత్రం వేరుగా చెప్పమని అడుగు. బస్తీల్లో అసలు బడి మొహం చూడని పిల్లల కోసం టాటా స్టీల్ ఫౌండేషన్ వాళ్ళ 'మస్తీ కీ పాఠశాల' కూడా ఉంది. ఆడుతూ పాడుతూ చదివించి, తరవాత మామూలు బడికి చేరుస్తారు. మీ పక్కింట్లో గ్యారేజీకి పోయే కుర్రాణ్ణి చూశానన్నావు కదా, వాడి తల్లికి ఆ సంగతి చెప్పు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లాణ్ణి పనిలో పెట్టుకోవడం నేరమని 2016 నుంచి చట్టం ఇంకా గట్టిపడింది. అది కూడా చెప్పు, కానీ బెదిరించినట్టు చెప్పకు. ఆవిడ కష్టం ఆవిడది.

ఇక నీ అసలు బెంగ హిందీ. మీ వాడు ఆ తరగతిలో ఒంటరి అవుతాడని అనుకుంటున్నావు. తరగతిలోకి ఒకసారి తొంగి చూడు. అక్కడ ఇంట్లో సంథాలీ మాట్లాడే పిల్లలుంటారు, హో మాట్లాడే వాళ్ళుంటారు, బంగ్లా, ఒడియా, భోజ్‌పురీ వాళ్ళుంటారు. పుస్తకంలో ఉన్న హిందీ వాళ్ళలో చాలామందికి బడిలోనే పట్టుబడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఈ కష్టాన్ని గుర్తించి 'పలాశ్' పేరుతో సంథాలీ, హో, ముండారీ, ఖడియా, కుడుఖ్ భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. తెలుగుకు ఆ చోటు లేదు. రాజ్యాంగంలో 350ఏ అని ఒక అధికరణం ఉంది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా చూడమంటుంది. 1956లో చేర్చారు. అది కావాలని సంఘాలుగా అడగాల్సిందే, మన పెద్దలు అడగాలి. కానీ అది వచ్చేదాకా మీ వాడు ఆగలేడు కదా. పిల్లల చెవి మెత్తన. మొదటి నెలలో ఏడుస్తాడు. రెండో నెలలో ఆటలో తిట్లు నేర్చుకుంటాడు. దసరా సెలవులు అయ్యేసరికి కూరగాయల వాడితో నీ తరఫున బేరం ఆడుతుంటాడు.

ఈలోగా నువ్వు చేయాల్సినవి చిన్న చిన్నవే. టీచరును కలిసి వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టమను. లెక్కల్లో వాడు చురుకైతే ఆ సంగతి ముందే చెప్పు, అంకెలకు భాష అడ్డు రాదు కాబట్టి టీచరుకు వాడి మీద గురి కుదురుతుంది. ఎవరైనా మద్రాసీ అని ఏడిపిస్తే నవ్వి ఊరుకోమనకు, టీచరుకు చెప్పమను. పిల్లలను కొట్టడమే కాదు, మాటలతో మనసు నొప్పించడమూ పదిహేడో సెక్షన్ కింద తప్పే. సాయంత్రం హోంవర్కు నీకు అర్థం కాకపోతే, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ దగ్గరో బిష్టుపూర్‌లో మన రామ మందిరం దగ్గరో పదో తరగతి దాటిన తెలుగు పిల్లలు ఎవరో ఒకరు కనబడతారు. రెండు భాషలూ వచ్చిన వాళ్ళు వాళ్ళు. అరగంట కూర్చోబెట్టి వాడికి చెప్పమని బతిమాలు. ఊరికే వద్దు, పులిహోరో గారెలో చేతిలో పెట్టు.

ఇంట్లో మాత్రం తెలుగు వదలకు. హిందీ త్వరగా రావాలని ఇంట్లో నువ్వు కూడా వచ్చీ రాని హిందీ మాట్లాడటం మొదలుపెట్టకు. అలా చేసిన ఇళ్ళు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పెళ్ళి పత్రిక వస్తే ముసలాళ్ళ చేత చదివించుకుంటారు. మీ వాడికి గుణింతాలు వచ్చే ఉన్నాయి, ఆ చేతిని ఆరనివ్వకు. ఆంధ్రా బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది, నీకు తెలుసు. నాలుగో తరగతివి ఊరి నుంచి తెప్పించు, లేదా దీక్షా అని సర్కారు యాప్ ఉంది, అందులో ఫోన్లోనే దొరుకుతాయి. అదే లెక్కను పగలు హిందీలో చేసి, రాత్రి తెలుగులో చదివితే వాడికి రెండూ అంటుతాయి. మీరు రెండేళ్ళకో మూడేళ్ళకో మళ్ళీ ఊరు వెళ్ళిపోతే వాడు అక్కడి తరగతిలో తడుముకోడు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఊరి బడిలో వాడి పేరు అలాగే ఉంచి, ఇక్కడ కూడా పేరు రాయించే ఆలోచన మీ ఇంట్లో ఎవరో అన్నారట. ఆంధ్రా సర్కారు తల్లికి వందనం పథకం కింద నీ ఖాతాలో పడే 13,000 రూపాయలు పోతాయని. డబ్బు మీద ఆశ తప్పు కాదు, ఆ లెక్క మాత్రం పనిచేయదు. దేశంలో బడి పిల్లలందరికీ ఇప్పుడు పెన్ అని పదకొండు అంకెల శాశ్వత నంబరు ఉంది. ఆ నంబరు ఒక్క బడిలోనే ఉంటుంది. పాత బడి వాడు కంప్యూటర్లో ఈ పిల్లాడు వెళ్ళిపోయాడని వదిలిపెడితేనే ఇక్కడి బడి వాడు అందుకోగలడు. వదలకపోతే మీ వాడు ఇక్కడ తరగతిలో కూర్చుంటాడు గానీ లెక్కలో ఉండడు. వాడి పేరు మీద పుస్తకాలూ యూనిఫామూ రావడం కష్టం, పేచీ ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. కాబట్టి ఊళ్ళో హెడ్మాస్టరుకు ఈ వారమే ఫోను చేయించు. మూడు అడగాలి: టీసీ, పెన్ నంబరు, కంప్యూటర్లో వదలడం. టీసీ వేరే రాష్ట్రానికి వెళ్తోందని చెప్పి దాని మీద విద్యాధికారి సంతకం కూడా వేయించమను. చిన్న తరగతిలో లేకపోయినా గడిచిపోతుంది, పెద్ద తరగతికి వచ్చాక ఎవరో ఒకరు అడుగుతారు.

మీ పెద్దమ్మాయి సంగతి వేరు. తొమ్మిదో తరగతిలో ఉంది, అమ్మమ్మ దగ్గర ఉంది, బెంగ పెట్టుకుంది, తెచ్చేసుకుందామా అని అడిగావు. వద్దు. నాలుగో తరగతికి నేను చెప్పింది దీనికి పనికిరాదు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళతో, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఇక్కడ మెట్రిక్ పరీక్ష పెట్టే ఝార్ఖండ్ బోర్డు తొమ్మిదిలోనే పేర్లు నమోదు చేసుకుంటుంది, పాఠాలు హిందీలో, పుస్తకాలు వేరు. తెలుగులో సైన్సూ సోషలూ చదివిన పిల్లను పదో తరగతి ముందు భాష మార్చి పరీక్షకు కూర్చోబెట్టడం దాని కాళ్ళు కట్టి పరిగెత్తమనడమే. అక్కడే పది పూర్తి చేయించు. అమ్మమ్మకు చేతకాకపోతే దగ్గర్లో కస్తూర్బా బాలికా విద్యాలయం ఉందేమో కనుక్కో, హాస్టలూ చదువూ ఉచితం. సంక్రాంతికీ వేసవికీ పిలిపించుకో, రోజూ రాత్రి ఫోను చెయ్యి. ఒకవేళ విధిలేక ఇక్కడికే వచ్చి ఏ బడిలోనూ కుదరలేదనుకో, జాతీయ సార్వత్రిక పాఠశాల ఉంది, ఎన్ఐఓఎస్ అంటారు. పదో తరగతి పరీక్ష తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. అది చివరి దారి, మొదటిది చేసుకోకు.

పది అయ్యాక అది ఇక్కడికి వస్తే చూద్దాం. ఆడపిల్లల కోసం ఇక్కడ సావిత్రీబాయి ఫూలే కిశోరీ సమృద్ధి యోజన ఉంది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా విడతలుగా ఇచ్చి, పద్దెనిమిది నిండాక ఇంకో 20,000 ఇస్తారు, మొత్తం 40,000. అయితే ఇలాంటి వాటికి ఈ రాష్ట్రం వాళ్ళమని చూపించే కాగితాలు అడుగుతారు. అక్కడే మన వాళ్ళకు ముల్లు గుచ్చుకుంటుంది.

కుల ధ్రువపత్రం గురించి జాగ్రత్తగా విను. ఊళ్ళో ఎస్సీనో బీసీనో అయినంత మాత్రాన ఇక్కడ ఆ రిజర్వేషను రాదు. వలస వెళ్ళిన వాళ్ళకు పుట్టిన రాష్ట్రంలో ఉన్న హోదా కొత్త రాష్ట్రంలో చెల్లదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి స్కాలర్‌షిప్పులకు ఈ-కల్యాణ్ పోర్టల్లో పెట్టే దరఖాస్తుకు ఈ రాష్ట్రపు అంచల్ ఆఫీసు ఇచ్చిన కులం, ఆదాయం, ఆవాసీయ పత్రాలే కావాలి. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు కూడా ఈ విషయంలో తిప్పలు పడుతున్నాయి. దరఖాస్తులు పెట్టే ప్రజ్ఞా కేంద్రంలో ఎవడో కూర్చుని డబ్బిస్తే చేయించి పెడతానంటాడు. అబద్ధపు పత్రం జోలికి వెళ్ళకు, పిల్లల ఉద్యోగం నాడు అది బయటపడుతుంది. మీ ఊరి పత్రాలను బతికించుకో. పిల్లలందరి పేర్లతో అక్కడి కుల ధ్రువపత్రాలు తీయించి పెట్టు, కేంద్ర ప్రభుత్వ పరీక్షలకు అవే పనికొస్తాయి. ఇక్కడ అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, బడి కాగితాలు ఏడాది వారీగా ఒక సంచిలో వేసుకో. మీరు నిజంగా ఇక్కడే స్థిరపడితే రేపు అవే సాక్ష్యం. చిన్నదాని జనన ధ్రువపత్రం తీసుకున్నావా? 2023 అక్టోబరు 1 తరవాత పుట్టిన పిల్లలకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి అదొక్కటే ఆధారం. చిన్నది ఏ ఆసుపత్రిలో పుట్టిందో ఆ ఊళ్ళోనే పత్రం ఇస్తారు, ఈసారి వెళ్ళినప్పుడు మర్చిపోకు. రేషను కార్డు కేంద్రం జాబితాలోదైతే బియ్యం ఇక్కడి డీలరు దగ్గరే తీసుకోవచ్చు, బియ్యం కోసం ఊరు పరిగెత్తక్కర్లేదు.

ఊరు పరిగెత్తడం అంటే గుర్తొచ్చింది. మన వాళ్ళకు ఉన్న పెద్ద జబ్బు అదే. సంక్రాంతికి వెళ్తే శివరాత్రి దాటినా రారు. అమ్మవారి సంబరం, బావమరిది పెళ్ళి, కొత్త ఇల్లు, ఒకదాని వెనక ఒకటి తగులుకుంటాయి. ఇక్కడ మార్చిలో పరీక్షలు. సంక్రాంతి నాడే ఇక్కడ మకర్ పండగ, టుసూ పండగ, బళ్ళకు ఎలాగూ సెలవులుంటాయి. ఆ సెలవుల్లో వెళ్ళి ఆ సెలవుల్లోనే తిరిగి రా. తప్పనిసరై ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే వెళ్ళే ముందు టీచరుకు చెప్పి, పుస్తకాలు సంచిలో పెట్టుకుని వెళ్ళు. చెప్పకుండా మాయమైన పిల్లల గురించి బడి వాళ్ళు మొదట బెంగపడతారు, తరవాత విసుగుపడతారు, ఆ తరవాత పట్టించుకోవడం మానేస్తారు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆ మూడూ నేనూ పడ్డాను కనుక చెబుతున్నా.

చివరిగా ఒకటి, దీన్ని మాత్రం నువ్వు నవ్వి కొట్టిపారేస్తావని తెలుసు. ప్రతి సర్కారీ బడికీ ఒక విద్యాలయ ప్రబంధన్ సమితి ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చట్టం ఇరవై ఒకటో సెక్షన్. మధ్యాహ్నం అన్నం సరిగ్గా పెడుతున్నారా, మరుగుదొడ్డికి నీళ్ళున్నాయా, మాస్టర్లు వస్తున్నారా అని అడిగే అధికారం ఆ సమితిది. బడికి వచ్చే డబ్బు లెక్కా దానికి చూపించాలి. మన తెలుగు వాళ్ళు ఆ మీటింగులకు వెళ్ళగా నేను చూసింది చాలా తక్కువ. హిందీ రాదనీ, పరాయి ఊరనీ, మనకెందుకనీ. మనం వెళ్ళకపోతే తెలుగు పిల్లలు బడిలో ఎంతమంది ఉన్నారో కూడా ఎవరికీ తెలియదు. రేపు తెలుగు చెప్పే ఒక టీచరును ఇవ్వండని ఎవరైనా అడిగితే, పిల్లలేరీ అంటారు.

మీ వాడు చేరిన ఏడాదే నువ్వు ఆ సమితికి పేరివ్వు. మొదటి మీటింగులో ఏమీ మాట్లాడకు, కూర్చుని విను. రెండోదానిలో ఒక్క ప్రశ్న అడుగు, సగం హిందీ సగం తెలుగు అయినా పరవాలేదు, పక్కనున్న సంథాలీ ఆవిడ హిందీ కూడా నీలాంటిదే. రిజిస్టరు నీ ముందుకు వచ్చినప్పుడు వేలిముద్ర వెయ్యకు, హిందీలో రాయడం రాదని వెనక్కి నెట్టకు. తెలుగులో సంతకం పెట్టు. అది చెల్లుతుంది.